బొటనవేలు మరిచిన పరుగు

ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు. గోడ మీద ఎర్రంకెల గడియారం వెనక్కి నడుస్తోంది, దాని వంక చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను, ముప్పై ఒక్కేళ్ళు గడియారాలు చూసి బతికినవాడికి చూడకుండా ఉండటం ఎలా చేతనవుతుంది. ఎనిమిదింటికి టీవీలో పెద్దమనిషి వేదికెక్కి మొదటి వంతు మా టొలీడో గ్లేజియర్స్‌ది, అంటే గాజు పనివాళ్ళది, అంటాడు, లేదా అప్పటికి మేం ఆ వంతుని శాన్ ఆంటోనియో వాళ్ళకి ఇచ్చేసి ఉంటే వాళ్ళ పేరు అంటాడు, ఏది అంటాడో ఈ గదిలో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. మాది బంతి చేత్తో పట్టుకు పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్, నిరుడు పదిహేడు ఆటలాడి రెండు గెలిచాం, ఆ రెండోది కూడా అవతలివాడి చేతిలోంచి బంతి జారబట్టి. అందరికంటే అడుగున పడ్డవాళ్ళకి, కాలేజీల్లోంచి వచ్చే ఆటగాళ్ళలో అందరికంటే ముందు ఒకణ్ణి ఎంచుకునే హక్కు ఇస్తారు, ఓడినందుకు బహుమతన్నమాట, మా దేశంలో ఇలాంటి చోద్యాలు జరుగుతాయి. ఎంచుకోవడం ఇష్టం లేకపోతే ఆ హక్కుని ఇంకొకళ్ళకి ఇచ్చి బదులుగా వాళ్ళ రాబోయే ఏళ్ళ వంతులు తీసుకోవచ్చు. పొద్దున బర్మింగ్‌హామ్ పేటలో సాసేజి కొట్టు ఇలోనా నా ప్లేటులో మిరపకాయ పచ్చడి వేస్తూ, "ఏం వెర్న్, ఈసారన్నా ఆటగాణ్ణి తెస్తారా, లేక మళ్ళీ కాగితాలు తెస్తారా?" అంది. పక్క బల్ల వాడు అందుకుని, "ఏది తెచ్చినా గాజు టీమేగా, ఇంటికి తెచ్చేలోగా పగిలిపోద్ది," అన్నాడు. నేను తలొంచుకుని తిన్నాను.

శాన్ ఆంటోనియో వాళ్ళు ఇస్తామంటున్నది తక్కువేం కాదు. ఈ ఏటి ఆరో వంతు, వచ్చే రెండేళ్ళ మొదటి వంతులు, పైగా కండబలం ఉన్న ఇద్దరు ఆటగాళ్ళు. కూలిన ఇంటికి ఒక్క దూలం తెచ్చుకుంటావా, నాలుగు గోడలు తెచ్చుకుంటావా అని వారం రోజులుగా డ్వైట్ ఎమరీ అడుగుతున్నాడు. డ్వైట్ మా మేనేజరు, నలభై ఒకటి నిండలేదు, చొక్కా చేతులు మడతపెట్టి రెండు ఫోన్లు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు, వాటిలో ఒకటి శాన్ ఆంటోనియోది. అతనంటే నాకు కోపం లేదు, అతని స్థానంలో ఉంటే నేనూ గోడలే కావాలంటాను. అతనికి కుడిపక్కన గ్రెచెన్ లూ, లెక్కల పిల్ల, పిల్ల అనకూడదు, ముప్పై దాటాయి, కానీ నా కూతురి కంటే చిన్నది. బల్ల చివర మా యజమానురాలు ఓపల్ హాండ్‌వర్క్ మేడం, ఎనభై నాలుగేళ్ళు, నోట్లో బటర్‌స్కాచ్ బిళ్ళ చప్పరిస్తూ, కళ్ళు మూసుకుని. నిద్రపోతోందని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆమె నిద్రపోయిన సమావేశం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

ఈ బల్ల. ఓక్ చెక్క. ఆమె భర్త బతికుండగా గాజు ఫ్యాక్టరీ ఆఫీసులోంచి మోయించుకొచ్చాడు, పెట్టిన రోజే ఒక నియమం కూడా పెట్టాడు, ఆటగాళ్ళని వెతకడానికి ఊళ్ళు తిరిగే నాలాంటివాడు తన ఉద్యోగం మొత్తంలో ఒక్కసారి, ఒక్క ఆటగాడి కోసం, ఈ బల్ల గుద్దవచ్చు. గుద్దితే యజమాని వినాలి. ఒప్పుకోవాలని లేదు, వినాలి. ఒప్పుకుంటే గుద్దినవాడు బల్ల కిందికి దూరి, అడుగు చెక్క మీద వడ్రంగి పెన్సిలుతో తన పేరు, తేదీ, ఆటగాడి పేరు, ఏం చూసి గుద్దాడో ఆ అంకె రాయాలి. అక్కడ ఏడు పేర్లున్నాయి. ఓసారి పెన్ను పడిపోయిందని వంకపెట్టి వంగి చదివాను. ఐదు పేర్లు తప్పయినవి. ఆ ఐదుగురిలో ఎవరూ ఇప్పుడీ ఊళ్ళో లేరు, పేర్లు మాత్రం ఉన్నాయి, తప్పయినా చెరపకూడదన్నది కూడా నియమమే. నేను ఇన్నేళ్ళలో గుద్దలేదు. "దాచుకుని ఏం చేస్తావ్, సమాధిలో గుద్దుకుంటావా?" అనేది ఐరీన్, నా భార్య, సూట్‌కేసులో నా చొక్కాలు సర్దుతూ. నా గడియారాన్ని సవతి అని పిలిచేది. అది మామూలు గడియారం కాదులే, పరుగు కొలిచేది, మెళ్ళో తాడుకి వేలాడుతుంది, ఇప్పుడూ చొక్కా లోపల రొమ్ముకి చల్లగా తగులుతోంది.

అది నా చేతికిచ్చినవాడు బస్టర్ ప్లెమన్స్, నా గురువు, పొగాకు నములుతూ మాట్లాడేవాడు. చూపుడు వేలు కాదురా, బొటనవేలు పెట్టు, చూపుడు వేలికి తొందరెక్కువ. ఈల విని నొక్కకు, మనిషి కదలడం చూసి నొక్కు. కళ్ళకి సినిమా చూపించు, బొటనవేలికి పని చెప్పు, ఆ రెండింటినీ కలవనివ్వకు. కళ్ళు ప్రేమలో పడతాయి, ఆ వేలు పడదు. ఎన్ని మైదానాలు, ఎన్ని వానలు, ఎన్ని సద్ది శాండ్‌విచ్‌లు, కాన్సస్‌లో దుమ్ముకి కళ్ళు తెరవలేక పోయినప్పుడు కూడా ఆ వేలు తన పని తాను చేసింది, ఐరీన్ ఆపరేషను గది బయట కూర్చున్నప్పుడు కారిడార్లో నర్సులు గబగబా నడుస్తుంటే నాకు తెలియకుండానే నొక్కేశాను, తర్వాత సిగ్గుపడ్డాను. నలభై ఆరు నిమిషాలు. గోడ మీద వరసగా అంటించిన ఆటగాళ్ళ పలకలు, ఒక్కొక్కదాని మీద పేరు, ఎత్తు, బరువు, పరుగు. అన్నిటికంటే పైన లైల్ టోర్గర్‌సన్. ఆరడుగుల ఏడంగుళాలు. మూడొందల ఇరవై రెండు పౌన్లు. నలభై గజాలు, నాలుగు పాయింటు డెబ్బై తొమ్మిది సెకన్లు. ఆ చివరి అంకె నల్లగా, లావుగా, ముచ్చటగా ఉంది. అది నా అంకె. నేనిచ్చింది. అది అబద్ధం.

మోంటానాలో, నవంబరులో మూడో శనివారం. నేను వెళ్ళింది అసలు వాడి కోసం కాదు. అవతలి టీంలో ఐదో నంబరు చొక్కావాడు, పరుగుకి పేరుపడ్డవాడు, వాణ్ణి కొలవడానికి వెళ్ళాను. మైదానానికి ఒక పక్కనే చెక్క మెట్లు, రెండో పక్క గోధుమలు నిలవచేసే తెల్లటి గోపురాలు, మంచు కురుస్తూ వాటికీ ఆకాశానికీ తేడా చెరిపేసింది. ముప్పై నాలుగు సున్నా. లైల్ వాళ్ళది సున్నా. ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది, సగం జనం వెళ్ళిపోయారు, నేనూ గ్లవ్స్ తొడుక్కుని లేవబోతున్నాను. లైల్ పని బంతి విసిరేవాడి వీపు కాయడం, తప్పు చేస్తే తప్ప ఆ పని చేసేవాడి పేరు ఎవరూ పలకరు, ఆ మధ్యాహ్నమంతా ఎవరూ పలకలేదు. అప్పుడు వాళ్ళ విసిరేవాడు చలికి వేళ్ళు కొంకర్లు పోయి బంతిని సరాసరి ఐదో నంబరు చేతుల్లో పెట్టాడు. ఐదో నంబరు పక్క గీత వెంట చివరి గీతకేసి లంకించుకున్నాడు, ఎనభై గజాల దూరం, అది దాటితే పాయింట్లు, ఎదురుగా పురుగు లేదు. నా వేలు మీట మీద ఉంది. లైల్ వాళ్ళవాళ్ళు పదిమందీ నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోయారు, నేనైనా ఆగేవాణ్ణి, ముప్పై నాలుగైతేనేం నలభై ఒకటైతేనేం. లైల్ కింద పడి ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ళూ మంచులో, ఎద్దు లేచినట్టు వెనకభాగం ముందు లేచింది, నాకు నవ్వొచ్చింది కూడా. తర్వాత నవ్వు ఆగింది. మొదటి నాలుగడుగులు తడబాటు, ఐదో అడుగు నుంచి ఏదో సర్దుకుంది, తల కదలడం మానేసింది, భుజాలు దిగాయి, అంత దేహం ఒక్క పని మీద ఉంది. మంచులో చప్పుడుండదు కదా, చప్పుడు వినపడలేదు, కానీ చెక్క మెట్లలోంచి అదురు వచ్చి నా పిక్కల్లోకి పాకింది. రిఫరీని దాటాడు. తన టీం బెంచీలని దాటాడు, అక్కడెవరూ అరవలేదు, నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఇద్దరి మధ్యా ముప్పై గజాలు, పాతిక, పన్నెండు, నేను లేచి నిలబడ్డానని ఎప్పుడు తెలిసిందంటే ఒళ్ళో కాఫీ బూట్ల మీద ఒలికినప్పుడు. చివరి గీత ఇంకో ఐదు గజాలుందనగా చెయ్యి చాచి ఐదో నంబరు భుజం పట్టుకున్నాడు, పడేశాడనలేను, పడుకోబెట్టాడు. ఆ తర్వాత వాణ్ణి లేపి, వాడి హెల్మెట్ ముందుండే ఊచల్లో ఇరుక్కున్న మంచు తన వేళ్ళతో తీశాడు. ఆట మళ్ళీ మొదలైన మరుక్షణమే వాళ్ళు ఆ ఐదు గజాలూ దాటేశారు. నలభై ఒకటి సున్నా. లైల్ తన చోటికి నడిచి వెళ్ళి వంగి నిలబడ్డాడు, మళ్ళీ వీపు కాయడానికి.

నా కళ్ళల్లో నీళ్ళున్నాయి, చలికి అనుకున్నాను. గడియారం చూసుకుందామని తీస్తే, సున్నా. సున్నా, చుక్క, రెండు సున్నాలు. బొటనవేలు మీట మీదే ఉంది, గ్లవ్ లోపల చెమట పట్టి ఉంది, నొక్కలేదు. ఎవరితో చెప్పుకోను? వేరే ఉద్యోగాల్లో మరపు మామూలే, వంటవాడు ఉప్పు మరిచిపోతాడు, బస్సువాడు స్టాపు మరిచిపోతాడు, ఇందులో మాత్రం నొక్కడం తప్ప ఇంకేం లేదు, ఆ ఒక్క నొక్కు కోసమే నాకు జీతం. నాకెందుకో నాన్న గుర్తొచ్చాడు. ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని ఆయనది, నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఓసారి తీసుకెళ్ళాడు, తలుపు తెరిస్తే లోపల గాజు కరిగి నారింజ రంగులో, అది నిప్పూ కాదు నీళ్ళూ కాదు, పక్కన చూస్తే నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నవాడు. "అలవాటు కాలేదా నాన్నా?" అన్నాను. "టోపీ పెట్టుకో, చెవులు కాలతాయి," అన్నాడు. తన టోపీ మాత్రం పెట్టుకోలేదు.

ఆ రాత్రి మోటెల్లో కంప్యూటరు తెరిచి అంతా నిజమే రాశాను, ఒక్క గడి తప్ప. పరుగు. ఖాళీ వదిలితే ఎర్రగా మెరుస్తూ ముందుకి పోనివ్వదు. మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగు పాయింటు ఎనిమిది అని కొట్టి చెరిపేశాను, అలా రాస్తే ఉజ్జాయింపులా ఉంటుంది, డెబ్బై తొమ్మిది అంటే కొలిచినట్టు ఉంటుంది. అబద్ధమాడేవాడికి ఆ తొమ్మిదే కావాలి. తర్వాత సరిచేద్దాంలే, జనవరిలో అందరి ముందూ పరిగెడతాడుగా అనుకున్నాను. జనవరిలో పాదం ఎముక విరిగింది. అప్పట్నుంచి వాడు ఎవరి ముందూ పరిగెత్తలేదు. ఆ కాలేజీకి ఉన్నది ఒక్క కెమెరా, అది బంతి వెంట పోయింది, బొమ్మలో లైల్ చివర్లోనే వస్తాడు, నేల మీద గీతలన్నీ మంచు కింద. కాబట్టి లోకంలో ఉన్నది ఒక్క అంకె, నాది. అది పేపర్లకెక్కింది, టీవీలకెక్కింది, శాన్ ఆంటోనియో వాళ్ళు కూడా దాన్నే చూసి ఎగబడుతున్నారు, ఓసారి విమానాశ్రయంలో పక్కసీటువాడు నాకే చెప్పాడు, తెలుసా, మూడొందల పౌన్ల మనిషి, నాలుగు డెబ్బై తొమ్మిదట! నేను అవునా అన్నాను.

ముప్పై ఒక్క నిమిషాలు. ఫోను మోగింది. డ్వైట్ విని, అరచెయ్యి అడ్డం పెట్టి, "వాళ్ళు మూడో ఆటగాణ్ణి కూడా కలుపుతున్నారు. ఏడున్నర కావస్తోంది, ముప్పావుకల్లా చెప్పమంటున్నారు," అన్నాడు.

"నీ లెక్క ఏమంటోంది తల్లీ?" అంది మేడం, కళ్ళు తెరవకుండా.

గ్రెచెన్ గొంతు సర్దుకుంది. "వాణ్ణి మనమే తీసుకోవాలంటోంది, మేడం. అంత బరువుకి అంత వేగం నా దగ్గరున్న నలభై ఏళ్ళ లెక్కల్లో ఎక్కడా లేదు. ఆ ఒక్క అంకె తీసేస్తే మాత్రం తొమ్మిదో వాడు. అప్పుడు వంతు ఇచ్చేసుకోవడమే నయం."

తొమ్మిదో వాడు. ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని ఇంకో అరగంట కూర్చుంటే వాడు మా వాడవుతాడు, నేను కోరుకున్నదీ అదే, ఆ మంచులో నిలబడ్డప్పటి నుంచీ కోరుకున్నదీ అదే. చెబితే శాన్ ఆంటోనియో వాళ్ళు పట్టుకుపోతారు, వాడు అక్కడ ఎండలో పరిగెడుతుంటే నేను టీవీలో చూస్తాను, అది కూడా ఈ ఉద్యోగం లేకుండా. కానీ ఊరుకుంటే వాడేమవుతాడు? పాదం కట్టు విప్పాక మొట్టమొదట అందరూ గడియారాలు పట్టుకుని నిలబడతారు, నాలుగు డెబ్బై తొమ్మిది కోసం. వాడు నాలుగు తొంభై అయిదు పరిగెడితే మోసగాడంటారు. వాడు ఏ అంకే చెప్పలేదు పాపం. ఎవరూ పరిగెత్తమనని చోట పరిగెత్తాడు, అంతే. నేను దానికో అంకె తగిలించి సంతలో నిలబెట్టాను. ఇరవై ఆరు నిమిషాలు. నా మోకాళ్ళు నన్నడక్కుండానే లేచాయి.

గోడ దగ్గరికి నడిచాను. పలక మీద ఇంకు ఎప్పుడో ఆరిపోయింది, ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దితే వచ్చింది. నాలుగు పోయింది, ఏడు పోయింది, తొమ్మిదికి కాస్త గట్టిగా రుద్దాల్సొచ్చింది.

"ఏం చేస్తున్నారు వెర్న్?" డ్వైట్ లేచాడు.

"ఇది నేను కొలవలేదు డ్వైట్. ఆ రోజు గడియారం నొక్కలేదు. మరిచిపోయాను. గడి ఖాళీగా వదలనివ్వకపోతే ఏదో ఒకటి రాశాను."

"ఏదో ఒకటి?"

"ఏదో ఒకటి."

గ్రెచెన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. డ్వైట్ ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "ఆరు నెలలు! ఆరు నెలలు మా చేత దాని మీద మేడలు కట్టించి, ఇప్పుడు పాతిక నిమిషాల ముందు చెప్తున్నారా? పెద్దమనిషి కదా అని మీ అంకె మళ్ళీ చూడను కూడా లేదు నేను!" అతను తిట్టినదాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మేడం, ఇంక ఆలోచించేదేం లేదు. వాళ్ళకి సరేనంటున్నాను."

అప్పుడు గుద్దాను. గుద్దుతానని నాకూ తెలియదు. పిడికిలి ఎముకల్లోంచి మోచేతి దాకా జిల్లుమంది, కాఫీ కప్పులు ఎగిరాయి, గ్రెచెన్ కుర్చీ వెనక్కి జరిగింది. మేడం కళ్ళు తెరిచింది. నీలం కళ్ళు, తడి లేనివి. బిళ్ళని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి జరుపుకుంది.

"ఇదేనా నీ ఒక్కసారి?"

"ఇదే మేడం."

"అంకె లేకుండానా?"

"అంకె లేదు. ముప్పై నాలుగు సున్నా, ఇంకా నాలుగు నిమిషాలుంది, మంచు. పదిమంది ఆగిపోయారు. వాడు కింద నుంచి లేచి దాదాపు ఎనభై గజాలు పరిగెత్తి గీతకి ఐదు గజాల ముందు పట్టుకున్నాడు. దానివల్ల ఏం ఒరగలేదు, మరుక్షణమే వాళ్ళు దాటేశారు. ఎంత వేగమో నాకు తెలియదు. తెలిసినట్టు రాయడమే నేను చేసిన తప్పు."

ఆమె నా మెళ్ళో తాడు వంక చూసింది. "ఇన్నేళ్ళలో ఎంతమందిని కొలిచి ఉంటావ్ వెర్న్?"

"పదకొండు వేలో, పన్నెండో."

"అందులో ఎన్నిసార్లు నొక్కడం మరిచిపోయావ్?"

బస్టర్ మాట, నాన్న టోపీ, గ్లవ్ లోపల చెమట, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "ఇదొక్కసారే," అన్నాను.

మేడం తల ఊపింది. "డ్వైట్, వాళ్ళకి థాంక్స్ చెప్పి పెట్టెయ్."

"మేడం, మూడేళ్ళ వంతులవి..."

"నాకు ఎనభై నాలుగు, నాయనా. రెండు ఆటలు గెలిచిన ఏడాది కూడా చివరి నిమిషం దాకా మంచులో కూర్చున్నాను. అలా చివరిదాకా ఆగకుండా పరిగెత్తేవాణ్ణి ఒక్కణ్ణి చూడనివ్వు. ఇదిగో వెర్న్, అబద్ధం సంగతి రేపు పొద్దున తొమ్మిదింటికి నా గదిలో మాట్లాడదాం. ఉద్యోగం ఉంటుందని అనుకోకు."

"అనుకోను మేడం."

ఆమె హ్యాండ్‌బ్యాగులో వెతికి, పసుపురంగు పొట్టి వడ్రంగి పెన్సిలు తీసి బల్ల మీదుగా దొర్లించింది.

అరవై మూడేళ్ళవాడు బల్ల కిందికి దూరడం చూడముచ్చటగా ఉండదు. గడియారం సున్నాకి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు, అప్పటికి నేను కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను, గాజు ఫ్యాక్టరీ నాటి నూనె వాసన, పైన చెక్క మీద ఏడు పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక అంకె. పక్కన మేడం నల్ల బూట్లు నేలకి ఆనకుండా వేలాడుతున్నాయి. పైన టీవీలో పెద్దమనిషి గొంతు మా ఊరి పేరు పలికింది, తర్వాత వాడి పేరు, ఆ అరుపులకి బల్ల అదిరి దుమ్ము నా కళ్ళల్లో పడింది, చిన్న బూట్లు రెండూ గబుక్కున నేల మీదికి దిగాయి, ఆమె లేచి నిలబడినట్టుంది. వాపెక్కుతున్న చేత్తో పెన్సిలు పట్టుకుని నా పేరు రాశాను, తేదీ వేశాను, లైల్ టోర్గర్‌సన్ అని రాశాను. అంకె రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, అక్కడే పడుకుని కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను.